తెల్లబడని వేలు

స్కోప్యే,
సెప్టెంబరు 2, 1983

వెలీకా వదినగారికి,

మీ తమ్ముడు క్షేమంగా చేరాడని రాయడం లేదు. చేరాడు, అంతే. కుడిచేతి బొటనవేలు వాచి మెరుస్తోంది. గోరు పక్కనుంచి చీము, నీరు, నెత్తురు కలిసి కారుతున్నాయి. బస్సు దిగుతూనే ఆ చేతిని జేబులో దాచుకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆగస్టు ఎండలో మనిషి చెయ్యి జేబులో ఎందుకు పెట్టుకుంటాడో నాకు తెలియదా?

మెతోది జబ్బు సంగతి మీకు ఎన్నిసార్లు రాయాలి? బయటి రోగాల మీదికి పోవాల్సిన ఒంటి కాపలా తిరగబడి సొంత చర్మాన్నే చీలుస్తుంది. పెమ్ఫిగస్ అంటే అదీ. నోట్లో పుళ్ళు, ఛాతీ మీద, వీపు మీద నీటిపొక్కులు. పొక్కు చిట్లితే కింద పచ్చిపుండు. స్టెరాయిడ్ మాత్రలు మింగితేనే అవి అణుగుతాయి. ఆ మాత్రలు మింగేవాడికి చిన్న గీత పడినా చీము పడుతుంది. ఎండ తగలకూడదు, దెబ్బ తగలకూడదు. ఇదంతా జూలైలోనే రాశాను. అయినా మీ పొగాకు మీకు ముఖ్యమైంది.

మూరెడు సూది చేతికిచ్చి ఆకు గుచ్చించారు. అది వేల్లో దిగింది. డాక్టరుకి చూపించకుండా కాల్చిన ఉల్లిపాయ కట్టారు. దేవుడి దీపంలో నూనె తీసి రాశారు. ఇవన్నీ అతనే చెప్పాడు, మీ మీద చాడీగా కాదు, గొప్పగా. "అక్క ఎంత చూసుకుందో" అని.

ఇంకోటి. మాత్రల సీసా తీసి చూశాను. మిగలకూడనన్ని మిగిలాయి. మరియమ్మ ఉపవాసం పేరు చెప్పి మాత్రలు కూడా మాన్పించారా? దీనికి మాత్రం సూటిగా జవాబు రాయండి.

రద్మీలా


స్లివ్నిక్ పల్లె,
మరియమ్మ పండుగ వెళ్ళిన మరుసటి వారం

అమ్మాయి రద్మీలాకి,

నీ ఉత్తరం అందింది.

నేను రమ్మనలేదు. వాడే వచ్చాడు. గేటు దగ్గర నిలబడి, "అక్కా, ఆకు పొలంలోనే మాడిపోతోందట కదా, ఒక్కదానివి ఏం చేస్తావు?" అన్నాడు. పొమ్మనలేకపోయాను. పొలానికి పంపలేదు. ద్రాక్ష పందిరి కింద నీడలో కూర్చుని గుచ్చాడు. సూది జారింది. నెత్తురు పెద్దగా రాలేదు. సారాతో కడిగాను. వాచాక ఉల్లిపాయ కట్టాను, మా అమ్మ అలాగే కట్టేది. నూనె రాసిందీ నేనే.

ఉపవాసం నాది. మాత్రలు నేను మాన్పించలేదు.

వాడు వచ్చినరోజు పక్కింటి స్పిరో మామ గోడ మీంచి వంగి చూశాడు. మాత్రలకి ఉబ్బిన మొహం. "ఏరా మెతోదీ, స్కోప్యేలో బస్సు నడుపుతున్నావా, బస్సునే తింటున్నావా?" అన్నాడు. "రోజుకో చక్రం మామా" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత లోపలికి వచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇది నీకు తెలియాలని రాశాను.

వేలు డాక్టరుకి చూపించు. వాడి పేరున రోజూ దీపం పెడుతున్నాను.

వెలీకా


స్కోప్యే,
సెప్టెంబరు 26

వెలీకా గారికి,

డాక్టరుకి చూపించమని నాకు మీరు చెప్పాలా. మీ ఉత్తరం రాకముందే చూపించాను.

"ఎలా మొదలైంది?" అన్నాడు. "పొగాకు సూది గుచ్చుకుంది" అన్నాను. ఇక వేరే ప్రశ్న లేదు. "పొగాకు చేతులు, పైగా స్టెరాయిడ్లు. చీము పట్టకేం చేస్తుంది?" అన్నాడు. గోరుచుట్టు అని రాసి మందులిచ్చాడు. తగ్గలేదు. వేరే మందు ఇచ్చాడు. వాపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. కిందటి వారం గోరు ఊడబీకారు. మత్తు సరిగ్గా ఎక్కలేదు. మెతోది నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి.

గోరు తీశాక కింద నల్లగా ఉంది. "ఇదేమిటి?" అని డాక్టరు అడిగాడు. "పొగాకు జిగురు" అన్నాను. తలూపాడు. ఆయనదీ మీలాగే పొగాకు పండే ప్రిలెప్ వైపే. "మా అమ్మ చేతులు చచ్చిపోయేదాకా అలాగే ఉండేవి" అన్నాడు. మీ ఊళ్ళ ఘనత స్కోప్యే ఆసుపత్రి దాకా వచ్చింది, సంతోషించండి.

మళ్ళీ చెబుతున్నాను. మీ సూది, మీ జిగురు, మీ ఉల్లిపాయ. ఇంట్లో ఇప్పుడు కట్లు మార్చేది నేను. ఉతికేది నేను. నోట్లో పుళ్ళకి మింగలేక అతను చెంచా విసిరికొడితే తీసేది నేను. మీరు అక్కడ దీపం వెలిగించండి.

ఇకమీదట పల్లెకి పంపను.

రద్మీలా


స్లివ్నిక్,
సిలువ పండుగ వెళ్ళిన మరుసటి వారం

రద్మీలాకి,

గోరు తీశారని చదివి కూర్చుండిపోయాను.

ఎర్ర మిరపకాయలు కాల్చి పచ్చడి చేశాను. బస్సులో నీ పేరున ఒక సీసా పంపుతున్నాను.

నవంబరులో మిత్రోవ్‌దెన్ పండుగ ముందు శనివారం, నాన్న పేరున సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచాలి. ఇంటికి మగదిక్కు వాడే. ఆ ఒక్కరోజుకి పంపు. సూది పట్టనివ్వను. ఆకు కోత ఎప్పుడో అయిపోయింది.

వెలీకా


స్కోప్యే,
అక్టోబరు 18

వెలీకా గారికి,

పచ్చడి సీసా తిరిగి పంపుతున్నాను. నోరంతా పుళ్ళున్న మనిషికి మిరపకాయ పచ్చడి పంపడానికి మీకు మనసెలా వచ్చిందో మీ దేవుడికే తెలియాలి.

ఆ శనివారం పంపుతాను. నేను ఒప్పుకుని కాదు. "నాన్న దగ్గరికి వెళ్ళకుండా ఆపుతావా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున బస్సుకి వస్తాడు, సాయంత్రం బస్సు ఎక్కించండి. కట్టు విప్పకండి. ఏ నూనే రాయకండి. మాత్రలు నా కళ్ళముందు మింగించి పంపుతాను.

మా నాన్న పోయినప్పుడు మేము గోధుమలు ఉడకబెట్టలేదు. ఆయన మమ్మల్ని వదిలి ఎక్కడికీ పోలేదు, గుండెల్లోనే ఉన్నాడు. చనిపోయినవాళ్ళకి తిండి పెట్టి, బతికున్నవాణ్ణి బస్సుల్లో తిప్పే భక్తి నాకు అర్థం కాదు.

రద్మీలా


స్లివ్నిక్,
మిత్రోవ్‌దెన్ మర్నాడు

రద్మీలాకి,

పచ్చడి కారం లేని కాయలతో చేసింది. పోనీలే.

ఈసారి ఉత్తరం పెద్దదవుతుంది. చివరిదాకా చదువు.

శనివారం సమాధుల దగ్గర ఊరంతా ఉంది. తమ్ముడు నాన్న రాతి మీద వైన్ పోశాడు. కట్టు తడిసి జారింది. నేను విప్పలేదు. వాడే విప్పి జేబులో పెట్టుకుని, అందరికీ గోధుమలు పంచడం మొదలుపెట్టాడు. పక్క సమాధి దగ్గర దుంజా బామ్మ దోసిలి పట్టింది. వాడి చెయ్యి చూసి నవ్వింది.

"ఒరే మెతోదీ, ఆకు పందిళ్ళు కూడా విప్పేశారు. నువ్వింకా చేతులు కడుక్కోలేదా? స్కోప్యేలో నీళ్ళు రావా?"

"వస్తాయి బామ్మా. మా ఆవిడే నా దాకా రానివ్వదు."

అందరూ నవ్వారు. నేను అక్కడున్న చేతులు చూశాను. దుంజా బామ్మవి, స్పిరో మామవి, నావి. ఆగస్టులో మా అందరి వేళ్ళూ తారులో ముంచినట్టుంటాయి. పుల్లటి పచ్చి టమాటాతో రుద్దుతాం, కొంత పోతుంది. మిగతాది చర్మంతో పాటు అదే ఊడిపోతుంది. మిత్రోవ్‌దెన్ నాటికి ఊళ్ళో ఒక్క నల్ల వేలు ఉండదు. ఆకు ఆఖరి వరకూ గుచ్చిన మా చేతులు తెల్లబడ్డాయి. కొద్దిరోజులు గుచ్చి వెళ్ళిన వాడి వేలు తెల్లబడలేదు. గోరు ఉండాల్సిన చోట నలుపు, గోరు చుట్టూ చర్మంలోకీ పాకింది. మధ్యలో పుండు. జిగురు పైన అంటుకుంటుంది. ఇది లోపలినుంచి వస్తోంది.

ఇంటికి వచ్చాక గోరువెచ్చటి నీళ్ళతో కడిగాను. కడగడమే, ఇంకేం రాయలేదు. గుడ్డకి నలుపు అంటలేదు.

"ఇది ఎప్పట్నుంచి?" అన్నాను.

"సూది గుచ్చుకున్నప్పట్నుంచి."

"గుచ్చుకోక ముందు?"

"ఆగస్టులో ఎవరి వేలు నల్లగా లేదక్కా?"

"ఆగస్టుకి ముందు?"

వాడు కిటికీ వైపు చూశాడు. "రద్మీలా మేలో ఒకసారి కట్టు కట్టింది. చిన్నదే" అన్నాడు. సాయంత్రం బస్సు ఎక్కించాను.

మే నెల సంగతి డాక్టరుకి చెప్పు. అది గోరుచుట్టు అవునో కాదో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు తప్పు మాట విని మందు ఇస్తున్నారని మాత్రం తెలుసు.

వెలీకా


స్కోప్యే,
నవంబరు 14

రెండు నెలలుగా మీకు ఇదే పని. మీ సూది గుచ్చుకుంది అన్నది తుడిచేయాలి, నా తప్పు అని రాయాలి. సమాధుల దగ్గర ఊరి ముసలమ్మల ముందు మా ఆయన చెయ్యి ప్రదర్శన పెట్టి, ఇంట్లో కూర్చోబెట్టి పోలీసు ప్రశ్నలు వేశారు. బాగుంది.

మేలో ఏమీ లేదు. బస్సు తలుపులో వేలు నలిగింది. డ్రైవర్లకి అది మామూలే. నేను కట్టు కట్టాను. భార్య కట్టు కట్టడం కూడా మీ చర్చిలో పాపమా?

మీరు పెంచారు, ఒప్పుకుంటాను. అమ్మ పోయాక ఎత్తుకు తిరిగారు, పెళ్ళి కూడా మానుకున్నారు, ఊరు ఊరంతా నాకు చెప్పింది. ఆ పెంపకానికి ఇంకా ఎన్నేళ్ళు కప్పం కట్టాలి? మేం పెళ్ళి చర్చిలో చేసుకోలేదని మీరు ఆరోజు బయట నిలబడ్డారు. మంచి బట్టలు కట్టుకుని, పూలు పట్టుకుని, మునిసిపల్ ఆఫీసు మెట్ల కింద. లోపలికి రమ్మంటే "ఇక్కడ గాలి బాగుంది" అన్నారు. నేను మర్చిపోలేదు. అప్పట్నుంచీ మీరు అక్కడే నిలబడ్డారు, మా ఇంటి బయట, మంచి బట్టల్లో, ఏం తప్పు దొరుకుతుందా అని.

డాక్టరుకి ఏం చెప్పాలో నాకు తెలుసు. ఇక ఉత్తరం రాయకండి.


స్లివ్నిక్,
మంగళవారం

రద్మీలాకి,

ఆరోజు నేను లోపలికి రావాల్సింది కాదని ఇప్పటికీ అనుకుంటాను. పూలు మాత్రం నిజంగా నీకోసమే.

వచ్చే సోమవారం మొదటి బస్సుకి వస్తాను. నీ ఇంటికి రాను. ఆసుపత్రికి పోయి ఆ డాక్టరు గది ముందు కూర్చుంటాను. ఆయన పిలిచేదాకా కూర్చుంటాను. మే అనే మాట ఒక్కటి చెప్పి తిరుగు బస్సు ఎక్కుతాను. ఈలోగా నువ్వే చెబితే ఒక కార్డు ముక్క రాయి. రాను.

వెలీకా


స్కోప్యే,
డిసెంబరు 9

వదినగారికి,

మీకు కార్డు పంపాను కదా, 'చెప్పాను' అని ఒక్క మాట. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. నాకు రాయాలని లేదు, కానీ రాయకపోతే మీరు మొదటి బస్సు ఎక్కుతారు.

మేలో వేలు ఏ తలుపులోనూ నలగలేదు. గోరు మీద నిలువునా సన్నటి నల్ల గీత వచ్చింది, పెన్సిలుతో గీసినట్టు. తర్వాత గోరు చీలింది. కొంచెం రసి కారింది. నేను మరో పొక్కు చిట్లిందనుకున్నాను. ఒళ్ళంతా పుళ్ళున్న మనిషికి ఇంకో పుండు వస్తే ఎవరు ఉలిక్కిపడతారు? కొత్తది ఏది కనిపించినా తీసుకురమ్మని చర్మం డాక్టరు చెప్పాడు. ఆ వరండాలో ఆ బల్లల మీద కూర్చుని కూర్చుని నాకు ఓపిక చచ్చింది. నేనే కట్టాను. ఆగస్టులో మీ సూది దిగింది. డాక్టరు ఎలా మొదలైందని అడిగినప్పుడు నా నోటికి సూదే వచ్చింది. అబద్ధం కాదు కదా, గుచ్చుకుంది కదా. ఆ మాట అంటుంటే నాకు హాయిగా కూడా ఉంది. ఇది మీకు రాస్తున్నాను, ఇంకెవరికీ చెప్పలేదు.

మే అనగానే డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. వేలునుంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపాడు.

అది గోరుచుట్టు కాదు. మెలనోమా. చర్మ క్యాన్సర్, నల్లటిది, చెడ్డది. గోరు కింద పుట్టి, పుండై, చీము కారుస్తూ గోరుచుట్టు వేషంలో కూర్చుందట. పెమ్ఫిగస్‌కీ దీనికీ సంబంధం లేదన్నాడు. రెండూ ఒకే ఒంటిమీద పక్కపక్కన ఉన్నాయి, అంతే. ఒకదాని పుళ్ళలో రెండోది దాక్కుంది. మీ సూది దీన్ని తేలేదు. నా కట్టూ తేలేదు. కానీ ఏడు నెలలు పోయాయి.

బొటనవేలు తీసేయాలి. జనవరిలో.

ఇప్పుడు అసలు సంగతి. మెతోదికి తెలియదు. డాక్టరు నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపు వేసి చెప్పాడు. ఎముకకి చీము పట్టిందని ఇంట్లో చెప్పమన్నాడు. అలాగే చెప్పాను. ఇక్కడ ఎవరూ రోగి మొహం మీద ఆ పేరు చెప్పరు, మీకూ తెలుసు. చెబితే మనిషి ఆరోజే మంచం పడతాడు. మీరూ గోరుచుట్టు అనే అనాలి. చీము అనాలి. మీకు అబద్ధం పాపమైతే ఆ పాపం నా లెక్కలో వేయమని మీ దేవుడికి చెప్పుకోండి.

రద్మీలా


స్లివ్నిక్,
పవిత్ర నికోలా పండుగ

రద్మీలా,

ఆ పేరు చదివాక చర్చికి వెళ్ళాను. ప్రార్థన రాలేదు. కూర్చుని వచ్చాను.

నువ్వు చెప్పావు. అది చాలు.

ఇన్నాళ్ళూ తెలియక గోరుచుట్టు అన్నాం. ఇప్పుడు తెలిసి అనమంటున్నావు. ఆ తప్పు పేరే కదా వాడి ఏడు నెలలు తిన్నది.

నా అంతట నేను నోరు తెరవను. వాడు అడక్కూడదని కోరుకుంటాను. అడిగితే ఏం చేస్తానో ఇప్పుడు రాయలేను.

వెలీకా


స్కోప్యే,
మార్చి 20, 1984

వెలీకా గారికి,

వేలు తీసి రెండు నెలలు దాటింది. కుట్లు ఆలస్యంగా అతుక్కున్నాయి. గాయం మానాలని స్టెరాయిడ్ తగ్గిస్తే వీపు మళ్ళీ పొక్కులు లేచింది. వాటికోసం పెంచితే గాయం తడిబారింది. ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు. దుప్పటికి వీపు అంటుకుపోతే నీళ్ళు చల్లి, నిదానంగా ఊడదీస్తాను.

ఆసుపత్రిలో పడుకుని ఒక మాట చెప్పాడు. ఆగస్టులో మాత్రలు తనే మానేశాడట. స్పిరో మామ వేళాకోళానికి. మొహం కొంచెం దిగితే ఊళ్ళో తిరగొచ్చనుకున్నాడట. మీరు చూసి తిట్టి మళ్ళీ మింగించారట. నాకు చెప్పొద్దని మీచేత మాట తీసుకున్నాడట.

అంటే నా మొదటి ఉత్తరం నుంచీ ఆ నింద మీరు మోశారు. 'మాత్రలు నేను మాన్పించలేదు' అని ఒక ముక్క రాసి ఊరుకున్నారు. ఇది విని నా మనసు కరుగుతుందని మీరు అనుకుంటే పొరపాటు. ఇంకా మండింది. అరిచేవాళ్ళతో నేను అరవగలను. ఓర్చుకుని కొట్టేవాళ్ళతో ఏం చేయాలి?

అసలు బాధ వేరు. అతను హుషారుగా ఉన్నాడు. "వేలు పోయింది, చీము పోయింది. ఇక ఆసుపత్రి మొహం చూడను" అంటున్నాడు. ఈ నెల మొదట్లో పరీక్షకి రమ్మన్నారు, వెళ్ళలేదు. "కోసేసిన వేలుకి పరీక్ష ఏమిటి, దాన్ని వాళ్ళే ఉంచుకున్నారు కదా, దానికే చేసుకోమను" అన్నాడు. ఇంటికి వచ్చిన డ్రైవర్లు పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. వంటింట్లోకి పోయి గోడకి తల ఆనించాను. ఏమని తీసుకెళ్ళను? దేనికని చెప్పను?

ఈస్టర్‌కి మీ దగ్గరికి వస్తానంటున్నాడు. పంపుతున్నాను. నాకూ కొంచెం ఊపిరి కావాలి. పరీక్షకి వెళ్ళమని మీరు చెప్పండి, మీ మాట వింటాడు. కానీ చీము. గోరుచుట్టు. అంతకుమించి ఒక్క మాట మీ నోటినుంచి వచ్చిందా, ఈ గుమ్మం మీకు లేదు. ఇది బెదిరింపు కాదు, జరగబోయేది.

రద్మీలా


స్లివ్నిక్,
ఈస్టర్ వారం

రద్మీలా,

నేను చెప్పేశాను.

ఎలా జరిగిందో రాస్తాను. తర్వాత నీ ఇష్టం.

గురువారం గుడ్లకి ఎర్ర రంగు వేస్తున్నాం. ఉల్లిపొట్టు నీళ్ళలో గుడ్లు ఉడుకుతున్నాయి. వాడు నాలుగు వేళ్ళతో గరిటె పట్టుకుని తిప్పుతూ, "చూడక్కా, బొటనవేలు ఊరికే బరువు" అంటున్నాడు. అటక మీది బుట్ట దించమన్నాను. కుడిచెయ్యి ఎత్తబోయి ఆగిపోయాడు. ఎడమచేత్తో దించాడు.

"చెయ్యి ఎందుకు లేవడం లేదు?" అన్నాను.

"చంకలో గడ్డ లేచింది. చీము ఏదో మిగిలిపోయినట్టుంది. రద్మీలాకి చెప్పకు, మళ్ళీ వరండాలో కూర్చోబెడుతుంది. వేడిగా ఏదైనా కట్టు, పగిలి పోతుంది."

చెయ్యి పెట్టి చూశాను. అక్రోటు కాయంత ఉంది. గట్టిగా ఉంది. నొప్పి లేదన్నాడు.

పరీక్షకి వెళ్ళమన్నాను. వెళ్ళనన్నాడు. బతిమాలాను. "గోరుచుట్టుకి ఇంత పూజ దేనికక్కా? వేలే ఇచ్చేశాను. ఇంకేం కావాలి వాళ్ళకి?" అన్నాడు. నువ్వు చెప్పమన్న మాటే వాడు నాకు తిరిగి చెప్పాడు. ఆ మాట పట్టుకునే వాడు ఆ గడ్డతో ఎండాకాలమంతా తిరుగుతాడని అర్థమైంది. పొయ్యి మీంచి గుడ్లు దించాను.

"అది చీము కాదు" అన్నాను.

"మరి?"

"వేలు తీసింది క్యాన్సర్ అని."

గరిటె ఇంకా చేతిలోనే ఉంది. దానినుంచి ఎర్రనీళ్ళు నేల మీద పడుతున్నాయి. "రద్మీలాకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"డిసెంబరు."

కుర్చీలో కూర్చున్నాడు. తనకి ఏమవుతుందని అడగలేదు. "మొన్న డ్రైవర్ల ముందు వేలు గురించి వేళాకోళం ఆడాను. అదీ నవ్వింది. ఎలా నవ్విందక్కా?" అన్నాడు. తర్వాత ఏడ్చాడు. నీకోసం ఏడ్చాడు. ఇది నీకు చెప్పకూడదేమో, కానీ నేను చూశాను.

శుక్రవారం, శనివారం మామూలుగానే ఉన్నాడు. ఈస్టర్ రోజున చర్చికి వచ్చాడు. మూడు వేళ్ళు కలిపి సిలువ గుర్తు వేయబోయి తన చెయ్యి చూసుకుని ఆగాడు. తర్వాత అరచెయ్యి మొత్తం నుదుటికి, గుండెకి, భుజాలకి ఆనించుకున్నాడు. ఫాదర్ చూశాడు.

పొద్దున బస్సుకి పంపుతున్నాను. ఆసుపత్రికి వస్తానన్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. అంటించలేదు.

గుమ్మం సంగతి చదివాను. అలాగే కానీ. నువ్వు ఆ మాటతో కాపాడబోయింది వాణ్ణే అని నాకు తెలుసు. నేనూ అందుకే మీరాను.

వెలీకా


స్కోప్యే,
మే 27

వెలీకా వదినకి,

నెల రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను.

తలుపు తీయగానే మీ ఉత్తరం నా చేతికిచ్చి, "నేను చదివేశాను, ఇక నువ్వు చదువు" అన్నాడు. చదివి నేను మిమ్మల్ని ఏమేమి అన్నానో అతన్ని అడగండి, వరసగా చెబుతాడు, కొన్ని అతనికీ కొత్తవే. మీ మాట నమ్మి పంపితే నా ఇంట్లో నా వెనక దొంగతనం చేశారు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

చంకలో గడ్డ తీశారు. చుట్టూ గ్రంథులు కూడా తీశారు. మూడింట్లో ఉంది. మిగతావాటిలో లేదు. ఎండాకాలం అయ్యేదాకా ఆగి ఉంటే అవి కూడా శుభ్రంగా ఉండేవి కావన్నాడు డాక్టరు. ఆ వాక్యం రాయడానికే నెల పట్టింది.

ఫలితం చెప్పడానికి డాక్టరు మళ్ళీ నన్నొక్కదాన్నే పిలిచాడు. నేను లేచేలోపు మెతోది లేచి, లోపలికి పోయి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒళ్ళు నాది, డాక్టర్. నాకు చెప్పండి" అన్నాడు.

డాక్టరు నావైపు చూశాడు. పెళ్ళాం ఒప్పుకుందా అని అడుగుతున్నట్టు. "చెప్పండి" అన్నాను. అన్నీ చెప్పాడు. బాగవుతుందని అనలేదు, కాదని కూడా అనలేదు. మూడు నెలలకోసారి రమ్మన్నాడు. మెతోది అంతా విని, "మరి నాలుగు వేళ్ళతో బస్సు ఇస్తారా?" అన్నాడు. డాక్టరు, "నేను ఎక్కను" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కానీ ఈసారి గోడకి తల ఆనించుకోవాల్సిన పని కూడా పడలేదు.

ఇప్పుడు మాత్రలు తనే మింగుతున్నాడు. ఆసుపత్రికి తనే టైము చెబుతున్నాడు. వరండాలో పక్కవాళ్ళకి అతనే ధైర్యం చెబుతున్నాడు, నాకు తలనొప్పి వచ్చేదాకా.

నా కోపం పోలేదు. పోతుందని కూడా రాయను. మీరు నా మాట తప్పి చేసింది మంచికైంది. మంచికైంది కాబట్టి నాకు అరవడానికి కూడా లేదు. అది మీకు తెలుసు, తెలిసి ఒక్క మాట రాయలేదు, ఎప్పటిలాగే.

ఒక పని ఉంది. ఒళ్ళంతా వారానికోసారి వెతకాలన్నాడు డాక్టరు. తలనుంచి అరికాళ్ళదాకా, వేళ్ళ సందుల్లో, వీపు మీద. పొక్కు ఏదో, పొక్కు కానిది ఏదో విడివిడిగా చూడాలి. నేను ఒక్కదాన్నే చూస్తుంటే కాసేపటికి అన్నీ ఒకలాగే కనిపిస్తున్నాయి. నా కళ్ళని నేను నమ్మడం లేదు. మీరు పొగాకు నారు నాటడం అయిపోయాక రండి. మీకు బాల్కనీ వైపు గది ఇస్తాను. దీపం పెట్టుకోండి, పరదాకి దూరంగా.

మనం ఒకరి మొహం ఒకరం చూసుకోనక్కర్లేదు. అతన్ని చూస్తే చాలు.

రద్మీలా